మంత్రజపంతో ధ్యానం: మొదటి 40 రోజులు ఇలా

జపమాల చేతికొచ్చిన మొదటిరోజు 108 పూసలూ నాలుగు నిమిషాల్లో తిప్పేశాను. తిప్పేసి, ఏదో సాధించినవాడిలా గడియారం కూడా చూసుకున్నాను. నోరు "ఓం నమః శివాయ" అంటూనే ఉంది గానీ చెవికి మాత్రం ఒక్కటీ చేరలేదు. పెద్దలు ఊరికే అనలేదు, చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అని.

మా అమ్మమ్మకు మాల లేదు. వంటింటి గడప పక్కన పీట వేసుకుని, కుడిచేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ అరగంట కూర్చునేది. పెదవులు కదిలేవి, గొంతు వినపడేది కాదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఎడమ చెయ్యెత్తి ఆగమనేది, కుడిచేతి బొటనవేలు మాత్రం ఉన్న కణుపు మీదే ఉండేది. చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది, నేర్చుకోవాల్సిన పనితనం అంతా ఆ వేళ్లలోనే ఉందని. ఇక్కడ రాస్తున్నది చాలావరకు ఆ పద్ధతే. తర్వాత నేను చేసిన తప్పుల వల్ల తెలిసినవి కొన్ని చేర్చాను.

ఏ మంత్రం తీసుకోవాలి

కొత్తవాళ్లు ఎక్కువ రోజులు వృథా చేసేది ఇక్కడే. రాశికి ఏ మంత్రం, నక్షత్రానికి ఏ మంత్రం అని వీడియోలు చూస్తూ నెల గడిపేస్తారు. ముందు ఒక తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాలున్న మంత్రాలకు గురూపదేశం కావాలంటారు. గాయత్రి లాంటి వేదమంత్రాలకు ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అని స్వరం ఉంది. అది పుస్తకం చూసి వచ్చేది కాదు, నోటి నుంచి చెవికి రావాలి. నామానికి ఈ పట్టింపులేవీ లేవు. "శ్రీరామ", "శివ శివ", "కృష్ణ", "అమ్మా" ఎవరైనా, ఎప్పుడైనా అనుకోవచ్చు.

"ఓం నమః శివాయ", "ఓం నమో నారాయణాయ" ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. నమః శివాయ అనే ఐదక్షరాలు కృష్ణయజుర్వేదంలోని శ్రీరుద్రంలోవి. అయినా ఊళ్లో ప్రతి శివాలయంలోనూ అందరి నోటా నలిగిన మాటే. అష్టాక్షరి, అంటే "ఓం నమో నారాయణాయ" సంగతి మరీ చిత్రం. రహస్యంగా ఉంచమని గురువు ఉపదేశించిన మంత్రాన్ని రామానుజాచార్యులు తిరుక్కోష్టియూర్ గుడి పైకెక్కి అందరికీ వినిపించారని వైష్ణవ సంప్రదాయం చెప్పుకుంటుంది. ఆయన అంత పని చేశాక మనం మొహమాటపడటం దేనికి?

నా సలహా ఒక్కటే. దెబ్బ తగిలినప్పుడు, బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు మీ నోట్లోంచి తనంతట తాను వచ్చే పేరేదో అదే తీసుకోండి. "రామా!" అంటారా, "అమ్మా!" అంటారా, "నారాయణా!" అంటారా. నాలుకకు అలవాటైన పేరుతో మొదలుపెడితే మొదటి వారం పోరాటం తప్పుతుంది. శివుడా, విష్ణువా అని తేల్చుకోలేకపోతే "రామ" అనండి. అష్టాక్షరిలోని "రా", పంచాక్షరిలోని "మ" కలిస్తే ఆ పేరైందంటారు. త్యాగరాజస్వామి కూడా ఒక కీర్తనలో ఈ రెండక్షరాలనే ఆ రెండు మంత్రాలకు జీవం అన్నారు.

దేవుడి పేరు మీద గురి లేనివాళ్లకు "సోహం" ఉంది. గాలి లోపలికి వెళ్తుంటే "సో", బయటికి వస్తుంటే "హం". నోటితో అనక్కర్లేదు, ఊపిరి చప్పుడులోనే వినాలి. రోజుకు మనిషి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని పాత లెక్క. అంటే నిమిషానికి 15. అన్నిసార్లూ తెలియకుండానే జరిగిపోతుంది కాబట్టి దాన్ని అజపా జపం అన్నారు.

ఏది తీసుకున్నా 40 రోజులు మార్చకండి. మూడోరోజే "ఇది నాకు పడటం లేదేమో" అనిపిస్తుంది. అది మంత్రం తప్పు కాదు, విసుగు.

పలకడం గురించి రెండు ముక్కలు

"నమః శివాయ"లో విసర్గను "నమహా" అని సాగదీయకండి. చిన్నగా వదిలిన ఊపిరి చాలు. "నమశ్శివాయ" అన్నా తప్పు లేదు, విసర్గ శకారంతో కలిస్తే అలాగే పలుకుతుంది. సివాయ, షివాయ రెండూ వద్దు. "నారాయణాయ"లో ణ ఉంది, నాలుక కొస పైకి మడిచి పలకాలి. "భగవతే"లో భ ఒత్తు మింగేయకండి. గాయత్రి ఉపదేశం ఉన్నవాళ్లలో కూడా చాలామంది "ధియో యోనః" అని ఒకే ముద్దగా అనేస్తారు. అది "యో నః", రెండు మాటలు.

ఇంతకంటే భయపడక్కర్లేదు. తప్పు పలికితే కీడు జరుగుతుందని భయపెట్టేవాళ్లకు దూరంగా ఉండండి. రెండు మూడు రోజులు మెల్లగా, పైకి పలికితే నాలుక దానంతట అదే సర్దుకుంటుంది.

అర్థం మాత్రం తెలుసుకుని కూర్చోండి. యోగసూత్రాల్లో పతంజలి ఓంకార జపం గురించి చెబుతూ "తజ్జపస్తదర్థభావనమ్" అన్నాడు. జపిస్తూ దాని అర్థాన్ని మనసులో నిలుపుకోవడం అని. నమః శివాయ అంటే శివుడికి నమస్కారం. అంత సులువైన అర్థమే. శాస్త్రచర్చ అక్కర్లేదు.

ఎప్పుడు, ఎక్కడ

సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసేది బ్రహ్మముహూర్తం. ఆ వేళకు లేవగలిగితే అదృష్టవంతులు. లేవలేనివాళ్లు దాని కోసం అలారం పెట్టుకుని, జపంలో కునికిపాట్లు పడి, పదోరోజు మానేయడం నేను చూశాను. నేనే ఒకసారి మానేశాను. రోజూ ఒకే వేళ ఉంటే చాలు. పొద్దున ఆరున్నర అయినా సరే, రాత్రి తొమ్మిదైనా సరే. కాఫీ తాగందే కళ్లు తెరుచుకోకపోతే తాగే కూర్చోండి. కడుపునిండా భోంచేసి మాత్రం కూర్చోవద్దు.

ఇవాళ చాలా ఇళ్లలో దేవుడి గది అంటే వంటింట్లో ఒక అల్మరా. పక్కన మిక్సీ తిరుగుతుంటే జపం సాగదు. బాల్కనీ మూలో, మంచం పక్కనో చాప పరుచుకోండి. నేల మీద ఒట్టిగా కూర్చోకుండా చాపో, దుప్పటో, పీటో వేసుకోవాలి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి, వెన్ను కుర్చీకి పూర్తిగా వాల్చకూడదు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. టైమర్ కూడా వద్దు, మాలే మీ టైమర్.

వేళ్ల లెక్క

మాల కొనకముందే ఇది నేర్చుకోండి. దీన్ని కరమాల అంటారు. పెట్టుబడి లేదు, ఎక్కడా మరిచిపోయి రారు.

కుడిచేయి చాపండి. బొటనవేలు కాక నాలుగు వేళ్లకూ తలా మూడు కణుపులు, మొత్తం పన్నెండు. మధ్యవేలి నడిమి కణుపు, కింది కణుపు మేరువు (మాలలో దాటకూడని పెద్ద పూస) కింద లెక్క, వాటిని ముట్టుకోం. మిగిలినవి పది. ఉంగరపు వేలి నడిమి కణుపు మీద బొటనవేలు పెట్టి మొదటిది అనండి. కిందికి జరిగి ఉంగరపు వేలి మొదలు, రెండు. పక్కకు, చిటికెన వేలి మొదలు, మూడు. అక్కడి నుంచి పైకి, చిటికెన వేలి నడుము, కొస: నాలుగు, ఐదు. ఉంగరపు వేలి కొస ఆరు, మధ్యవేలి కొస ఏడు, చూపుడు వేలి కొస ఎనిమిది. ఇక చూపుడు వేలి మీదుగా దిగడమే: నడుము తొమ్మిది, మొదలు పది. చూశారా, బొటనవేలు మేరువు చుట్టూ ప్రదక్షిణ చేసింది.

ఒక పది కాగానే ఎడమచేతి మీద ఒక కణుపు జరపండి. ఎడమచెయ్యీ ఇదే వరసలో పూర్తయితే నూరు. పైన ఎనిమిది కలుపుకోండి. రెండురోజులు తికమకగా ఉంటుంది. మూడోరోజుకు వేళ్లకు వచ్చేస్తుంది, ఇక బుర్రతో పని ఉండదు. దేవీ మంత్రాలకు కణుపుల వరస కొంచెం మారుతుంది, మొదట్లో దాని జోలికి పోకండి.

మాల

విష్ణువు, రాముడు, కృష్ణుడికి తులసి, శివుడికి రుద్రాక్ష, అమ్మవారికి స్ఫటికం అని ఆనవాయితీ. రుద్రాక్షల్లో ఐదు ముఖాలవే ఎక్కువగా దొరుకుతాయి, జపానికి అవి చాలు. ఏకముఖి అంటూ వేలకు వేలు చెప్పేవాళ్ల మాట వినకండి. పూస మరీ సన్నగా ఉంటే వేళ్లకు తెలియదు. శనగగింజ కంటే కాస్త పెద్దదైతే హాయిగా జరుగుతుంది.

మాలను కుడిచేతి మధ్యవేలి మీద వేసుకుని, ఒక్కో పూసనూ బొటనవేలితో మీ వైపు లాగండి. చూపుడు వేలు తగలనివ్వరు, దూరంగా చాపి ఉంచండి. 108 అయ్యాక పెద్ద పూస, మేరువు వస్తుంది. దాన్ని దాటరు. రెండో మాల చేయాలంటే అక్కడే మాల తిప్పి వచ్చినదారినే వెనక్కి వెళ్లాలి. మాల నేలకు తగలకూడదు. గుండె దగ్గర పట్టుకుని పైన కండువానో, కొంగో కప్పుకుంటారు, లేదంటే గోముఖి సంచిలో చెయ్యి పెట్టి తిప్పుతారు. ఎన్ని తిప్పారో నలుగురికీ కనిపించకుండా ఉండటానికే అని నా అనుమానం. మెడలో వేసుకునే మాల, జపం చేసే మాల వేరువేరుగా ఉంచుకోవడం పద్ధతి.

మాల మన ఒక్కరి సొత్తు కాదు. ముస్లింలకు తస్బీ ఉంది. తెలుగు కథోలికులు రోసరీని జపమాల అనే పిలుస్తారు. వేలికి తొడుక్కునే బటన్ కౌంటర్లు కూడా వచ్చాయి. ప్రయాణంలో పనికొస్తాయి గానీ, కన్ను మాటిమాటికీ అంకె మీదికే పోతుంది. నేను మానేశాను.

ఒక మాల ఎలా సాగాలి

కూర్చోగానే మొదలుపెట్టకండి. మూడుసార్లు నిదానంగా ఊపిరి వదలండి. మనసులో ఒక్కమాట అనుకోండి: ఇవాళ ఒక మాల. సంకల్పం అంటే ఇక్కడ అంతే.

జపాన్ని మూడు విధాలన్నారు: పైకి వినపడేది వాచికం, పెదవి కదులుతూ తనకు మాత్రమే వినపడేది ఉపాంశువు, పెదవి కూడా కదలనిది మానసికం. మనుస్మృతి విధియజ్ఞం కంటే జపం పది రెట్లు, ఉపాంశువు నూరు రెట్లు, మానసికం వెయ్యి రెట్లు గొప్పవంటుంది. ఈ వెయ్యి రెట్ల మాట వినే చాలామంది మొదటిరోజే మానసికానికి దూకుతారు, ఐదు నిమిషాల్లో ఆఫీసు మెయిళ్లకు జవాబులు రాసుకుంటూ ఉంటారు. కొత్తలో ఇలా పంచుకోండి: మొదటి 27 పైకి, తర్వాతి 27 పెదవులతో, మిగిలిన 54 మనసులో. మానసికంలో జారిపోతున్నట్టనిపిస్తే సిగ్గుపడకుండా పెదవులకు తిరిగి రండి. పెదవులూ నిలవకపోతే గొంతుకు రండి.

వేగం ముఖ్యం. ఊపిరి వదులుతూ ఒక మంత్రం, తీసుకునేటప్పుడు మౌనం. ఇలా చేస్తే నిమిషానికి ఆరేడు మంత్రాలు అవుతాయి. 108 కి పద్దెనిమిది నిమిషాలకు కాస్త అటూఇటూ. 2001లో ఇటలీ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. 23 మంది చేత ఒకసారి లాటిన్ రోసరీ ప్రార్థన, ఒకసారి "ఓం మణి పద్మే హుం" చెప్పించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది, గుండె లయ కూడా దాంతో కలిసింది. నా నాలుగు నిమిషాల మాలలో ఇదేదీ జరిగే అవకాశమే లేదు! అయితే ఊపిరిని బిగబట్టి సాగదీయకండి. ఆయాసం వస్తే మామూలుగా పీల్చుకోండి, నిమిషానికి పన్నెండు అయినా ఫరవాలేదు.

ఇక అసలు పని. ముప్ఫయ్యో పూసో, నలభయ్యో పూసో వచ్చేసరికి మీరు అక్కడ ఉండరు. గ్యాస్ బుక్ చేయాలి, అబ్బాయి ఫీజు కట్టాలి, నిన్న ఆడపడుచు అన్న మాటకు ఇవాళ తోచిన జవాబు. వేళ్లు మాత్రం జరుగుతూనే ఉంటాయి. ఎంతసేపటికో "అరె" అనిపిస్తుంది. ఆ "అరె" అన్న క్షణమే మీరు నేర్చుకోవడానికి కూర్చున్నది. అప్పుడు తిట్టుకోవద్దు, మొదటి పూసకు వెనక్కి పోవద్దు. చేతిలో ఉన్న పూస మీద ఒక మంత్రం పైకి అని, మళ్లీ మొదలుపెట్టండి. జారిన పూసల సంగతేమిటంటారా? పెద్దలు ముందే చూసుకున్నారు. 108 చేసి నూరే లెక్క వేస్తారు, మిగిలిన ఎనిమిదీ తప్పుల కింద వదిలేస్తారు. నా లెక్కలో ఎనిమిది ఏ మూలకూ చాలవు గానీ, ఆ ఉదారత నచ్చింది.

మేరువు దగ్గరికి వచ్చాక లేచిపోకండి. మంత్రం కూడా ఆపి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. ధ్యానం అని వేరే ఏదైనా ఉంటే ఈ రెండు నిమిషాల్లోనే దాని రుచి తెలుస్తుంది. గుడి గంట ఆగాక చెవిలో మిగిలే మోత లాంటిది. ఒక్కోరోజు అదీ ఉండదు, కాళ్ల తిమ్మిరి మాత్రమే ఉంటుంది.

వచ్చే ఇబ్బందులు

నిద్ర వస్తే కళ్లు సగం తెరిచి పైకి అనండి, అప్పటికీ ఆగకపోతే నిలబడి చేయండి. తిమ్మిరెక్కితే కాలు మార్చుకోండి, అదేమీ దోషం కాదు. మంత్రం సినిమా పాట బాణీలోకి జారిపోతుంటే వేగం తగ్గించండి. కారణం లేకుండా ఏడుపు వస్తే రానివ్వండి, సాధారణమే. రంగులు, వెలుగులు కనిపిస్తే గొప్పగా ఎవరికీ చెప్పుకోకండి, పూస జరపండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. జపానికి కూర్చున్నప్పుడల్లా గుండెదడ, భయం పెరుగుతున్నా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతున్నా, మంత్రం ఆపినా తలలో ఆగకుండా వేధిస్తున్నా జపం ఆపి డాక్టర్‌ను కలవండి. మానసిక సమస్యకు మందులు వాడుతున్నవాళ్లు జపం మొదలుపెట్టామని మందులు మానకూడదు.

నెలసరి రోజుల్లో చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. మాల ముట్టుకోవడం మీ ఇంటి ఆచారం, మీ ఇష్టం. మానసిక జపానికి శుచి, అశుచి, నడక, పడక అనే అడ్డులు లేవని సంప్రదాయంలోనే ఉంది.

40 రోజుల లెక్క

మండలం పెట్టుకోండి. మొదటి పది రోజులూ వేళ్ల మీద, తర్వాత మాల. వేళ్ల మీదైనా, పూసల మీదైనా మొదటి రెండు వారాలు రోజుకు ఒక్క మాలే, అంటే 108. బాగా సాగిన రోజున ఉత్సాహపడి ఐదు మాలలు చేస్తే, మర్నాడు కూర్చోబుద్ధి కాదు. మధ్యలో ఒకరోజు తప్పితే మర్నాడు రెండు చేసి అప్పు తీర్చకండి, మామూలుగా ఒకటి చేయండి. దీక్షగా సంకల్పం చెప్పుకున్నవాళ్ల నియమాలు వేరు, మనది అభ్యాసం.

పెద్ద లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. పురశ్చరణకు, అంటే ఒక మంత్రాన్ని నియమంగా పెద్ద సంఖ్యలో జపించి పూర్తిచేయడానికి, అక్షరానికి లక్ష అంటారు. పంచాక్షరికి ఐదు లక్షలు. రోజుకు పది మాలలు, అంటే వెయ్యి లెక్కన 500 రోజులు. ఇప్పుడే ఆ జోలి వద్దు.

కళ్లు మూసుకుని కూర్చోవడం ఎంత ప్రయత్నించినా కుదరనివాళ్లకు మన తెలుగునాట మరో దారి ఉంది, రామకోటి. గళ్ల పుస్తకంలో ఒక్కో గడిలో ఒక్కో "శ్రీరామ". నిండిన పుస్తకాలు భద్రాచలంలో సమర్పిస్తారు. రోజుకు వెయ్యి రాసినా కోటికి 27 ఏళ్ల పైమాటే, అందుకని కోటి మాట మరిచి రోజుకో పేజీ రాయండి. మా పెద్దమ్మ పుస్తకం ఒకటి నా దగ్గరుంది. పేజీ మొదట్లో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. సగానికి వచ్చేసరికి గుడి ఎగిరిపోయి "శ్రరామ" అవుతుంది, ఇంకాస్త కిందికి దీర్ఘం పోయి "శ్రరమ". ఉన్నట్టుండి ఒక గడిలో మళ్లీ పెద్దగా, గుండ్రంగా "శ్రీరామ". ఆ గడి దగ్గర ఆవిడకు "అరె" అనిపించి ఉంటుంది. మాలలో కనిపించనిది కాగితం మీద కనిపిస్తుంది. వారానికోసారైనా ఒక పేజీ రాసి చూసుకోండి, మీ మనసు ఎన్నో గడి దగ్గర జారుతోందో తెలుస్తుంది.

చివరగా, దారం తెగడం గురించి. రోజూ తిప్పే మాల ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, అపశకునం కాదు, నూలు అరిగిందంతే. పూసపూసకూ ముడి వేసిన మాల అయితే ఒకటో రెండో పడతాయి. ముడి లేనిదైతే గదంతా పూసలే. నాది ముడి లేనిది. 107 దొరికాయి. తిరిగి గుచ్చుకుని, రోజూ చివర్లో ఒకటి ఉంగరపు వేలి నడిమి కణుపు మీద కలుపుకునేవాణ్ని. దసరాకు ఇల్లు దులుపుతుంటే ఫ్రిజ్ కింద నుంచి 108వది దొర్లుకుంటూ వచ్చింది. మళ్లీ విప్పి గుచ్చే ఓపిక లేక దాన్ని దేవుడి అల్మరాలో పెట్టాను. ఆ చివరి ఒక్కటీ ఇప్పటికీ వేలి మీదే.